మెడగీత ఇల్లు

ఎనభై తొమ్మిదో సంవత్సరం, వేసంగి. సూరన్నలంకలో పల్లాలమ్మ అనే ఆవిడ ఇల్లు మారాలని మొండికేసిందంట. మొండికెయ్యడమంటే అలకపాన్పు కాదు, ఏకంగా పొయ్యి వెలిగించడం మానేసింది. మొగుడు వీరాసామి కొబ్బరి దింపు తీసేవాడు. పొద్దున్న చెట్టెక్కితే ఎండ నెత్తి మీదకొచ్చాకే దిగేవాడు. దిగి ఇంటికొచ్చి చూస్తే కంచం బోర్లించి ఉంది. ఏమే, అన్నమేదీ అంటే, గీత లేని ఇంట్లో వండుతాను మావా, అప్పటిదాకా మీ అమ్మని వండమను అందంట. అత్త మంగాయమ్మ అరుగు మీద కూచుని చుట్ట కాలుస్తోంది. ఆవిడ కదల్లేదు. నాకీ ఇల్లు బానే ఉంది, మెడదాకా నీళ్ళొచ్చాయి గాని మెడ కొయ్యలేదుగా అందంట. వీరాసామి ఆ పూట రెండు కొబ్బరి బొండాలు తాగి పడుకున్నాడు.

ఈ గీత ఏమిటో మీకు చెప్పాలి, లేకపోతే కథ నడవదు. సూరన్నలంకంటే గోదారి మధ్యన ఉన్న ఊరు, ఎటు పోవాలన్నా పడవెక్కాలి. ఎనభయ్యారులో పెద్ద వరద వచ్చిందా, అది తీసిపోయాక ఊళ్ళో గోడ గోడకీ ఒండ్రు గీత ఒకటి మిగిలిపోయిందంట. సున్నం కొడితే పోదు. రెండు వానలు పడగానే పైకి తేలుతుంది. ఇంక ఆ గీతని బట్టే ఇంటికి ధర కట్టడం మొదలెట్టారు. మోకాలుగీత ఇల్లంటే ఒక ధర, నడుంగీత ఇల్లంటే దానికి తక్కువ, మెడగీత ఇల్లంటే అడిగే దిక్కు లేదు. కొనేవాడు వచ్చి గోడ పక్కన నిలబడి చూసుకునేవాడు. అయితే ఎవరి మోకాలు, ఎవరి నడుం అని తగాదా వచ్చింది. అమ్మేవాళ్ళేం చేసేవారంటే, పొడుగు పుల్లయ్యని పిలుచుకొచ్చి గోడ పక్కన నిలబెట్టేవారంట. పుల్లయ్య నిలబడితే నడుంగీత కాస్తా మోకాలుగీత అయిపోయేది. కొనేవాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా, వాళ్ళు పొట్టి సూరమ్మని తెచ్చుకునేవారు. నవ్వకండి, ఆ రెండు మూడేళ్ళూ వాళ్ళిద్దరికీ చేతినిండా పని, చుట్టలకి లోటు లేదు.

ఊళ్ళో రెండే వీధులు. పల్లవీధి, మెరకవీధి. పల్లవీధిలోకి ఏటా ఎంతో కొంత నీరొస్తుంది. పల్లాలమ్మది పల్లవీధిలో చివరి ఇల్లు, అది మెడగీత. మెరకవీధి ఏటి ఒడ్డున ఎత్తు మీద ఉంటుంది, అక్కడ ఆరిళ్ళు, ఆ ఆరింటికీ గీత లేదు. పెద్ద వరదలో కూడా అరుగు తడవలేదంట. దాంతో ఆ ఇళ్ళ ధర ఎంత పెరిగిందంటే, ఆ డబ్బుకి అవతలి ఒడ్డున బస్సాగే చోట ఇల్లొస్తుంది. అయినా జనం మెరకవీధే కావాలనేవారు.

మరి పల్లాలమ్మకి అంత పంతం ఎందుకూ అంటే, డాబుకి కాదు. ఆవిడకి బుల్లి అని ఒక్కతే కూతురు. పెద్ద వరదకి దానికి మూడేళ్ళు. నీళ్ళు మెడదాకా వచ్చినప్పుడు దాన్ని అటక మీద కూచోబెట్టి, పడవ వచ్చేదాకా అక్కడే ఉంచారు. అక్కడే అన్నం, అక్కడే నిద్ర. వరద పోయింది గాని, అది ఆ పిల్ల ఒంట్లోంచి పోలేదు. ఆకాశంలో మబ్బు కనిపిస్తే చాలు, కంచం పట్టుకుని నిచ్చెనెక్కి అటక మీద కూచునేది. బతిమాలినా దిగదు, కొట్టినా దిగదు. ఎండ కాసిందాకా అక్కడే. వానాకాలం వస్తే ఇంక దాని కాలు నేల మీద ఆనేది కాదనుకోండి. పల్లాలమ్మకి కావాల్సింది అదొక్కటే. నా పిల్ల వానలో కింద కూచుని అన్నం తినాలి అని. దానికి గీత లేని గోడ కావాలని ఆవిడ అనుకుంది.

ఇదిలా ఉండగా ఏమైందంటే, మెరకవీధిలో పాటదారు అబ్బులు గారు ఇల్లు అమ్ముతున్నారని కబురొచ్చింది. ఆయన రేవుని వేలంలో పాడుకుని పడవలు నడిపించిన ఆసామి, అందుకని పాటదారు. ఆయన తండ్రి రంగం, అదే బర్మా, వెళ్ళి సంపాదించి, అక్కణ్ణించి టేకు తెప్పించి కట్టిన పెంకుటిల్లు అది. దూలం చూస్తే మనిషి మంచం వేసుకుని పడుకోవచ్చు, అంత వెడల్పు. గోడలు తెల్లగా కొంగల్లా ఉంటాయి. పల్లాలమ్మ ఆ మాట వినగానే పొయ్యి వెలిగించిందంట. వీరాసామి కడుపునిండా తిని, తిన్నాక అడిగాడు, ఇంతకీ ఎందుకు వండావు అని. రేపు బేరానికి వెళ్తున్నాం మావా, ఆకలితో వెళ్తే లోకువైపోతాం అంది.

ఇక్కడ మా లంక ఆచారం ఒకటి ఉంది, అది వినండి. ఇల్లు కొనడానికి వెళ్ళినవాడు వీధి గుమ్మంలోంచి కుడికాలు పెట్టి లోపలికి పోవాలి, చూసుకుని మళ్ళీ ఆ గుమ్మంలోంచే బయటికి రావాలి. పెరటి గుమ్మం మాత్రం దాటకూడదు. కొనకముందే పెరటి గుమ్మం దాటితే, ఆ ఇంటికొచ్చే లక్ష్మి కూడా ఆ దారినే పోతుందంటారు. తాతల్నాటి మాట. ఎవరూ కాదన్లేదు, ఎవరూ ఎందుకని అడగలేదు.

సరే, మర్నాడు వీళ్ళంతా వెళ్ళారు. పల్లాలమ్మ, వీరాసామి, మంగాయమ్మ, చెయ్యి పట్టుకుని బుల్లి, మధ్యవర్తిగా పంచాయితీ పెద్ద గవర్రాజు గారు. అబ్బులు గారి భార్య వెంకాయమ్మ గారు మజ్జిగిచ్చింది. పల్లాలమ్మ మజ్జిగ పక్కన పెట్టి గోడలు తడుముతోందంట, నేల దగ్గర్నుంచి చెయ్యి అందినంత మేరా తడిమింది. గీత లేదు. వీరాసామి దూలం కేసి చూసి, ఇది కొబ్బరి చెట్టు కంటే గట్టిదే అన్నాడు. అంటే మెత్తబడ్డాడని లెక్క. గవర్రాజు గారు, అయితే అబ్బులూ, చివరి మాట చెప్పెయ్ అన్నాడు. అంతలో బయట చల్లగాలి వీచింది. వేసంగిలో సాయంత్రాలు మబ్బేసి నాలుగు చినుకులు పడుతుంటాయిగా, అదే. వెంకాయమ్మ గారు, అయ్యో వడియాలు అనుకుంటూ పెరటి తలుపు గడియ తీసి బయటికి పరిగెత్తింది. ఇల్లంతా చీకటి కమ్మింది. బుల్లి పైకి చూసింది. అటక లేదు. ఆ ఇంటికి పైన చెక్క బిగించి ఉంది, నిచ్చెన లేదు, ఎక్కే దారి లేదు. పిల్ల తల్లి చెయ్యి విదిలించుకుని, వెలుతురు కనబడ్డ వైపు, అంటే తెరిచున్న పెరటి తలుపు వైపు పరిగెత్తిందంట. దాని వెనకాల పల్లాలమ్మ. ఆచారమూ లేదు, గీచారమూ లేదు, కాలు తీసి గడప అవతల పెట్టేసింది.

పెట్టాక ఆగిపోయింది. ఎందుకంటే అక్కడ పెరడు లేదు. నాలుగు బారల నేల ఉంది, దాని మీద వడియాల గుడ్డ ఉంది, అక్కడితో సరి. అవతల గోదారే. తన పెళ్ళైన కొత్తలో ఈ ఇంట పెళ్ళి జరిగితే ఈ పెరట్లోనే బంతికి కూచుంది, నట్టనడుమ నుయ్యి ఉండేది, దాని చుట్టూ కొబ్బరి చెట్లు. ఇప్పుడా నుయ్యి ఏమైందంటే, ఒడ్డంతా కోసుకుపోయి, ఒరలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు, ఏటిలో పొగగొట్టంలా ఒంటరిగా నిలబడి ఉందంట. ఎప్పుడన్నా చూశారా మీరు, నుయ్యి ఇలా బయటపడి నిలబడ్డం? చుట్టూ మన్నుంటేనే అది నుయ్యి, లేకపోతే గొట్టం. పల్లాలమ్మ పిల్లని చంకనేసుకుంది. వెంకాయమ్మ గారు వడియాల గుడ్డ పట్టుకుని, తొందరగా లోపలికి రా అమ్మాయ్ అంది.

లోపలికొస్తే అందరూ నిలబడి ఉన్నారు. గవర్రాజు గారి మొహం మాడిపోయింది. ఎంత పని చేశావే పల్లాలమ్మా, ఇంతకీ ఏ కాలు పెట్టావు అన్నాడు. తెలీదండి అంది. కుడికాలైతే కొంత నయం, ఎడంకాలైతే శాంతి చేయించాలి అన్నాడు. వీరాసామి, ఎడంకాలే, నేను చూశాను అన్నాడు. మంగాయమ్మ, నీ మొహం, కుడికాలు అంది. ఇంక చూసుకోండి, కుడికాలా ఎడంకాలా అని వాళ్ళు వాదించుకుంటూనే ఉన్నారు. అక్కడేం చూశావే అని మాత్రం ఒక్కళ్ళూ అడగలేదు. అబ్బులు గారు ఒక్కడే ఆ వాదనలో కలవకుండా పల్లాలమ్మ మొహంలోకి చూస్తూ కూచున్నాడంట. ఆవిడ పిల్లని చంకనేసుకునే వీధి గుమ్మంలోంచి బయటికి నడిచింది. దారి పొడుగునా వీరాసామి ఈలేసుకుంటూ నడిచాడు, బేరం పోయినట్టే అని. పల్లాలమ్మ అత్తకి ఒక్కదానికే చెవిలో చెప్పింది.

మర్నాడు చల్లపొద్దు వేళకి అత్తా కోడలూ ఇద్దరే వెళ్ళారు. అబ్బులు గారు వీధరుగు మీద ఉన్నాడు. బాబాయి గారూ, నుయ్యి ఎప్పుడు బయటపడిందండీ అని అడిగింది పల్లాలమ్మ.

"నిరుడు శ్రావణంలో," అన్నాడు అబ్బులు గారు. "ఎవరికి చెప్పావు?"

"ఎవరూ అడగలేదండి. అందరికీ కాలి గొడవే."

దానికాయన నవ్వాడంట, నవ్వి, "నన్నూ అంతేనమ్మా. ఈ మధ్య ఎంతమందో వచ్చి చూసెళ్ళారు, ధర దగ్గర ఆగిపోయారు. గోడలు తడిమారు, దూలాలు కొట్టి చూశారు. పెరడెలా ఉంది అని ఒక్కడడిగితే ఒట్టు. అడిగితే నేను అబద్ధం చెప్పేవాణ్ణి కాదు," అన్నాడు.

మంగాయమ్మ చుట్ట తీసి, "అడగరని తెలిసే కదా అబ్బులూ, ఆ తలుపుకి కొత్త గడియ పెట్టించావు," అంది. ఆయన చిన్నప్పుడు ఆవిడ చేతిలో జీళ్ళు తిన్నవాడు, ఆవిడ మాటకి ఎదురు చెప్పలేడు. తల దించుకున్నాడు. అప్పుడు చెప్పాడంట, ఈ ఏడాదీ నేనూ మీ పిన్నీ ఇదిగో ఈ వీధరుగు మీదే పడుకుంటున్నాం, లోపల పడుకుంటే కింద ఏరు నములుతున్న చప్పుడు వినిపిస్తుంది, నిద్ర పట్టదు అని. పల్లాలమ్మకి ఆ మాట తగిలింది. నా పిల్ల అటక ఎక్కింది, ఈయన అరుగెక్కాడు, భయం ఒకటే అనుకుంది.

అనుకుని ఏమందంటే, బాబాయి గారూ, నాకు ఈ ఇల్లు కావాలండి, నేలొద్దు. ఆయనకి అర్థం కాలేదు. నేల లేకుండా ఇల్లెలా తీసుకుంటావు అన్నాడు. ఎలాగేముంది, దింపి పట్టుకుపోతాను, పెంకుకి పెంకూ, వాసానికి వాసమూ, పల్లవీధిలో నా మెడగీత కొంప పడగొట్టి, ఆ స్థలంలో దిబ్బ పోసి దాని మీద ఎక్కిస్తాను అంది. మా నాన్న కట్టిన ఇల్లు పల్లవీధిలోనా అన్నాడు ఆయన. పల్లవీధిలో అయినా ఉంటుందండి, ఇక్కడే ఉంటే అంతర్వేది పోతుంది, అక్కణ్ణించి సముద్రం అంది పల్లాలమ్మ. ఆయన, సరే సగం ధర ఇయ్యి అన్నాడు. ఆవిడ, నేల లేని ఇంటికి సగం ధరేంటండీ, ఏరు పట్టుకుపోతే మీకేమిస్తుంది అంది. మంగాయమ్మ మధ్యలో దూరి, మా సూడిగేదెని ఇస్తాం, కోడలి చీటీ డబ్బులిస్తాం, అంతకి మించి ఇస్తే నా కొడుకు చెట్టు మీంచి దిగడు అంది. అలా తెగిందంట బేరం.

తెగాక పల్లాలమ్మ ఇంకొక్క మాటంది. మీ పెరటి తలుపు మీరే తియ్యాలండి, ఊళ్ళో వాళ్ళంతా చూడాలి అని. అబ్బులు గారు లేచి నిలబడ్డాడు. ఈ వీధిలో ఇంకా అయిదిళ్ళున్నాయి, వాటి ధర నా చేత్తో పడగొట్టమంటావా అన్నాడు. పడగొట్టింది ఏరండి, మీరు తలుపు తియ్యాలంతే, నాలాగా ఏ పిల్ల తల్లో వచ్చి ఉన్నదంతా పోసి ఆ పక్కిల్లు కొనుక్కుంటే అది ఎవరికి తగుల్తుంది అంది. ఆయన కండువా దులుపుకుని లోపలికి పోయాడు. వీళ్ళు వచ్చేశారు. తెల్లారి చూస్తే వీధి తలుపూ, పెరటి తలుపూ రెండూ బార్లా తీసి ఉన్నాయంట. వీధిలో నిలబడితే ఇంట్లోంచి తిన్నగా గోదారి కనబడుతోంది. పాలవాడు చూశాడు, వాడు చూస్తే ఊరు చూసినట్టే.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. మెరకవీధి ఆరిళ్ళకీ పెరళ్ళు సగం లేవు. రేవు ఊరికి ఆ చివరుంది, పడవలు ఇటు రావు గనక ఎవరికీ కనబళ్ళేదు. ఇంటికీ ఇంటికీ మధ్యన తాటాకు దడులు కదా, నా ఒక్కడి పెరడే పోతోంది, పక్కవాడికి తెలిస్తే ధర పోతుంది అని ఎవరికి వారు దడి ఎత్తు పెంచుకుంటూ వచ్చారంట. ఒకడు దడి పెంచితే పక్కవాడు, ఎందుకైనా మంచిది, ఇంకో రెండు మట్టలు మనమూ కడదాం అని. అలా ఆరుగురూ ఏరు కనబడకుండా దడులు కట్టుకున్నారు. ఏటికేమో కట్టలేదు. మెరకవీధి ధర ఆ వారంలో ఎంతకి దిగిందంటే, గీత చూసి ధర కట్టడమే ఊళ్ళో పోయింది, పుల్లయ్యనీ సూరమ్మనీ పిలిచేవాడు లేడు. కోపమొచ్చినవాళ్ళూ ఉన్నారు, పల్లాలమ్మ ఎడంకాలు మా కొంప ముంచింది అని. కాని వాళ్ళూ ఆ వేసంగిలోనే ఒకరి తర్వాత ఒకరు పెంకులు దింపుకున్నారు, అది వేరే సంగతి.

ఇంక ఇల్లు మొయ్యడం. అబ్బులు గారు తనే సున్నం పిడత పట్టుకుని వాసానికి వాసం మీద గుర్తులు పెట్టాడంట, ఏది ఎక్కడిదో. పల్లవీధిలో మంగాయమ్మ ఇంటింటికీ తిరిగి, మీ దొడ్లో పేరుకున్న ఒండ్రు ఎవడికి పెట్టుకుంటారు, తట్టలకెత్తండి అంది. బళ్ళ మీదా బుట్టల్లోనూ మన్ను వచ్చింది. చుట్టూ తాటిమొద్దులు పాతి, మధ్యన మన్ను పోసి, దిమ్మిస కొట్టి దిబ్బ లేపారు. ఎంత ఎత్తు లేపాలి అంటే మెడగీత దాటించాలి అన్నారు. ఎవరి మెడ అన్నారు. ఈసారి వాదన లేదు, పుల్లయ్య మెడ అన్నారు. ఆయన ఊరికే వచ్చి నిలబడ్డాడు.

అంతా అయ్యాక గుమ్మాలు బిగిద్దామంటే గవర్రాజు గారు అడ్డొచ్చాడు. అన్నీ బానే ఉన్నాయి, పల్లాలమ్మ కొనకముందే పెరటి గుమ్మం దాటింది, ఆ దోషం ఏం చేస్తారు అన్నాడు. వీరాసామికి విసుగొచ్చిందంట. దానికేముందండీ, అది దాటిన గుమ్మాన్ని తెచ్చి వీధిలో బిగిస్తే సరి, అప్పుడది వీధి గుమ్మం దాటినట్టేగా అన్నాడు. గవర్రాజు గారు వేళ్ళు మడిచి లెక్కేసి, శాస్త్రం ఒప్పుకుంటుంది అన్నాడు. అలాగే చేశారు. పెరటి గుమ్మం వీధిలోకి వచ్చింది, వీధి గుమ్మం పెరట్లోకి పోయింది. ఇప్పటికీ వెళ్ళి చూడండి, అంత ఇంటికీ ముందు గుమ్మం చిన్నది, చెక్కుడు లేదు. వెనక గుమ్మానికి మాత్రం చిలకలూ లతలూ. కొత్తగా వచ్చినవాళ్ళు అదే వీధి గుమ్మమనుకుని గేదెల పాకలోంచి వచ్చి పిలుస్తారు. పుల్లయ్యకి గృహప్రవేశం రోజునే నుదురు బొప్పి కట్టింది.

ఆ ఏడు శ్రావణంలో గోదారి వచ్చింది. పెద్ద వరద కాదు, అలాగని చిన్నదీ కాదు. పల్లవీధిలో నడుందాకా నీళ్ళు. పల్లాలమ్మ కొత్త మెట్ల మీద నిలబడి నీళ్ళకి పసుపూ కుంకుమా ఇచ్చింది, చుట్టుపక్కల వాళ్ళంతా మూటలతో ఆ ఇంటికే వచ్చారు. అబ్బులు గారూ వెంకాయమ్మ గారూ అప్పటికి అవతలి ఒడ్డున అద్దెకుంటున్నారు. ఆయన మనసు ఆగక భార్యని వెంటబెట్టుకుని పడవేసుకుని ఇల్లు చూడ్డానికి వచ్చాడు. వచ్చి, వచ్చినవాళ్ళందరికీ మా నాన్న ఈ దూలాన్ని రంగంలో ఎంత బేరమాడి కొన్నాడో తెలుసా అని మొదలెట్టాడు. వరద తీసేదాకా ఆయన ఆ కథ చెప్తూనే ఉన్నాడనుకోండి. చూసి పోదామని వచ్చినవాడు లోపల గదిలో పడుకుని గుర్రుపెట్టి నిద్రపోయాడంట. వెంకాయమ్మ గారు, ఏడాదయింది ఈ గుర్రు విని అంది.

సాయంత్రం ముసురు పట్టింది. వడ్డించాక పల్లాలమ్మ బుల్లి కోసం చూసింది. ఈ ఇంటికి అటక లేదు కదా, ఎక్కడ దాక్కుందో అని గదులన్నీ వెతికింది. చూస్తే పిల్ల గుమ్మంలో కూచుని, మెట్ల దగ్గర నీళ్ళలో ఈదే కప్పని చూస్తోంది. బుల్లీ, అన్నం అంటే, ఇక్కడికే తెచ్చి పెట్టవే అందంట. నేల మీదే. పల్లాలమ్మ కంచం తెచ్చి నేల మీద పెట్టింది. పెట్టి, పక్కన తనూ కూచుంది. మెరకవీధిలో ఆ రాత్రి అబ్బులు గారి ఖాళీ స్థలం ఏట్లోకి విరిగి పడిన చప్పుడు ఊరంతా విన్నారు. అందులో ఎవరూ లేరు గనక ఎవరూ లేవలేదు.

ఇప్పుడు మా లంకలో ఇల్లు కొనేవాడు ముందు పెరట్లోకి పోయి, ఏరు చూసి, తర్వాత వీధి గుమ్మంలోంచి లోపలికొస్తాడు. ఇదే తాతల్నాటి ఆచారం అని చెప్తారు, గవర్రాజు గారి మనవడైతే దానికో శ్లోకం కూడా చదువుతాడు. చదవనీండి. పల్లాలమ్మ ఇంటికి ఇప్పుడు ఎవరన్నా ధర చెప్పమంటే మాత్రం చెప్పరు, అమ్మేది కాదంటారు.

ఆ ఇంటికి సూడిగేదె పోయింది, చీటీ డబ్బులు పోయాయి. నడిదూలం దింపేటప్పుడు మోకు జారి వీరాసామి ఎడంచేతి వేళ్ళు రెండు దాని కింద నలిగాయి, ఆస్పత్రిలో తీసేశారు. ఆ తర్వాత ఆయన కొబ్బరి చెట్టు ఎక్కలేదు.